కొత్త బండి, పాత ఘాట్: ఇంజిన్‌ను మచ్చిక చేసుకునే పద్ధతుల్లో మనకు సరిపోయేది ఏది?

పోయిన దసరాకు మా మేనల్లుడు విజయనగరంలో బండి కొన్నాడు. పూజ అక్కడే చేయించి, చక్రాలతో నిమ్మకాయలు తొక్కించి, ఆ రోజే సాలూరు మీదుగా ఘాట్ ఎక్కి ఒడిశాలోని జయపురం వచ్చేయాలని వాడి ఆలోచన. ముందురోజు రాత్రి ఫోన్ చేశాడు. "మామయ్యా, షోరూంలో నలభై దాటవద్దంటున్నారు. నా స్నేహితుడేమో మొదటి రోజే గట్టిగా లాగితేనే ఇంజిన్ తెరుచుకుంటుందంటున్నాడు. నాన్న అయితే రెండు రోజులు ఇంటి ముందు పెట్టి అరగంట చొప్పున స్టార్ట్ చేసి ఉంచమంటున్నారు. ఎవరి మాట వినను?"

ముగ్గురి మాటలోనూ తలో పిసరు నిజం ఉందని, ఏ ఒక్కరి మాటా అక్షరాలా పాటించవద్దని చెప్పాను. వాడికి అది సమాధానంలా అనిపించలేదు. నిజమే, ఫోన్‌లో రెండు నిమిషాల్లో తేలే సంగతి కాదు. ఇక్కడ తీరిగ్గా చెబుతాను.

నాకు జయపురంలో బళ్ల విడిభాగాల దుకాణం ఉంది. మెకానిక్‌ను కాను. కానీ ఇంజిన్ లోపల అరిగితే మార్చే పిస్టన్ కిట్టు కోసం ఎవరు వస్తారు, బండి కొన్న ఎన్నాళ్లకు వస్తారు అనేది ఇరవై ఏళ్లుగా కౌంటర్ వెనక నుంచి చూస్తున్నాను. ముప్పై వేల కిలోమీటర్లకే నీలం పొగ వదిలే బండి, లక్ష దాటినా ఇంజిన్ విప్పని బండి ఒకే మోడల్, ఒకే వీధి కావచ్చు. ఆ తేడా అంతా మొదటి వెయ్యి కిలోమీటర్ల పుణ్యమేనని అనను. వేళకు ఆయిల్ మార్చకపోవడం, గాలి ఫిల్టర్ నిండా ఎర్రమట్టి పట్టినా తిరగడం అంతకంటే పెద్ద పాపాలు. అయితే ఆ పాపాలను తర్వాతైనా దిద్దుకోవచ్చు. మొదటి వెయ్యి కిలోమీటర్లు మళ్లీ రావు.

సిలిండర్ లోపల జరిగే పని

సిలిండర్ గోడ అద్దంలా నున్నగా ఉంటుందనుకుంటారు చాలామంది. ఉండదు, ఉండకూడదు కూడా. కర్మాగారంలో హోనింగ్ రాళ్లతో, అంటే సానపట్టే రాళ్లతో, దాని మీద ఒకదాన్నొకటి ఏటవాలుగా దాటుకునే సన్నని గీతలు పెడతారు. చాప అల్లిక లాగా ఉంటుంది ఆ గోడ. గీతల లోతులో ఆయిల్ నిలుస్తుంది. గీతల మధ్య మిగిలిన గట్లూ, సిలిండర్‌లో పైకీ కిందికీ ఆడే పిస్టన్ చుట్టూ ఉండే రింగు అంచూ ఒకదాన్నొకటి రాసుకుని, ఎత్తుగా ఉన్న చోట అరిగి, చివరికి ఒకదానికొకటి సరిపోతాయి. రింగులు కూర్చున్నాయి అని మెకానిక్‌లు అనేది దీన్నే.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. రింగు తన సొంత బిగువుతో గోడను నొక్కేది కొంతే. పెట్రోలు మండినప్పుడు పుట్టే పీడనం రింగు వెనక్కి చేరి దాన్ని గోడకేసి తోస్తుంది. అంటే ఇంజిన్‌కు పని ఉన్నప్పుడే రింగు గట్టిగా నొక్కుకుంటుంది. ఇంటి ముందు స్టాండు మీద ఖాళీగా తిరిగే ఇంజిన్‌లో ఆ నొక్కుడు నామమాత్రం. రింగులు సరిగా రాసుకోవు, గోడ మీద మిగిలిన ఆయిల్ కాలి గీతల్ని పూడ్చి జారుడు పొరలా పేరుకుంటుంది. మెకానిక్‌లు గ్లేజ్ పట్టిందంటారు. ఆ తర్వాత ఎంత తిప్పినా రింగు కూర్చోదు, ఇంజిన్ ఆయిల్ తాగుతూనే ఉంటుంది. విప్పి మళ్లీ హోనింగ్ చేయించడమే గతి. మా బావగారి అరగంట సలహా సంగతి అక్కడితో తేలిపోయింది. బండి ఖాళీగా తిప్పి ఉంచడం కంటే అసలు స్టార్ట్ చేయకుండా గొడుగు కింద పెట్టడం నయం.

అటు పక్క ప్రమాదం వేడి. అల్యూమినియం పిస్టన్, వేడికి ఇనుప గోడ కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. రెండింటి మధ్య ఉండే ఖాళీ మిల్లీమీటరులో వందో వంతుల లెక్కన ఉంటుంది. కొత్త ఇంజిన్‌లో రాపిడి ఎక్కువ కాబట్టి వేడీ ఎక్కువే. మొదటి రోజే దాన్ని గంటసేపు పూర్తిగా తెరిచి లాగితే పిస్టన్ ఒరుసుకుని గీతలు పడతాయి, మరీ ముదిరితే ఇంజిన్ పట్టేస్తుంది. కాబట్టి ఇంజిన్‌కు పని పెట్టాలి, వేడెక్కి ఉడికిపోనివ్వకూడదు. మిగిలిన పద్ధతులన్నీ ఈ రెండింటి మధ్య ఎవరు ఎటు ఎంత మొగ్గారన్నదే.

నలభై దాటని పద్ధతి

ఇది మన తండ్రుల కాలం నాటిది. రాజ్‌దూత్, ఎజ్డీల రోజుల్లో పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోసేవాళ్లు. యాక్సిలరేటర్ మూసేస్తే పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా తగ్గిపోయేది. పాత బుల్లెట్‌లో సిలిండర్ మొత్తం పోత ఇనుమే. అప్పటి యంత్రాల చెక్కుడులో ఇప్పటి నిక్కచ్చితనం లేదు. పట్టేసిన ఇంజిన్‌ను రోడ్డు పక్కన చల్లారబెట్టిన జ్ఞాపకం ఆ తరంలో చాలామందికి ఉంటుంది. వాళ్లకు ఆ భయం ఊరికే పుట్టలేదు.

మంచి ఏమిటంటే, ఇది మరిచిపోలేని సూత్రం. స్పీడోమీటరు తప్ప మరేదీ చూడనక్కరలేదు. బరంపురం నుంచి ఇచ్ఛాపురం దాకా, పర్లాకిమిడి నుంచి పాతపట్నం దాకా ఉండే చదును రోడ్ల మీద దీనితో ఇంజిన్ పాడైందని ఎవరూ నా దగ్గరకు రాలేదు. కాకపోతే అదే రోడ్డు మీద, అదే టాప్ గేరులో, అదే నలభైలో గంటల తరబడి పోయే బండిలో రింగులు ఒకే రకమైన నొక్కుడుకు అలవాటు పడతాయి. జాతీయ రహదారి మీద నలభైలో పోవడం మన ప్రాణానికీ మంచిది కాదు. వెనక వచ్చే లారీకి మన ఇంజిన్ కొత్తదని తెలియదు.

దీని అసలు లోపం ఘాట్‌లో బయటపడుతుంది. దాని దగ్గరకు వస్తాను.

పుస్తకం చెప్పిన పద్ధతి

బండితో పాటు ఇచ్చే పుస్తకాన్ని సీటు కింద కవరులోంచి బయటికి తీసేవాళ్లు తక్కువ. తీసి చూస్తే అందులో నలభై దాటవద్దన్న మాట అలాగే ఉండకపోవచ్చు. హోండా పుస్తకాల్లో మొదటి 500 కిలోమీటర్ల వరకు పూర్తి యాక్సిలరేటర్‌తో బయలుదేరడం, ఒక్కసారిగా వేగం పెంచడం, గట్టి బ్రేకులు, హఠాత్తుగా గేర్లు దించడం వద్దంటారు. యమహా వాళ్లు 1,000 కిలోమీటర్ల దాకా ఒక ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) హద్దు, అక్కడి నుంచి 1,600 దాకా ఇంకొంచెం పెద్ద హద్దు చెప్పి, ఆ హద్దు పైన ఎక్కువసేపు నడపవద్దంటారు. వెయ్యి దగ్గర ఆయిల్ తప్పనిసరిగా మార్చమంటారు. మరికొన్ని కంపెనీలు గేరు గేరుకూ ఎంత వేగం దాటకూడదో పట్టిక ఇస్తాయి.

ఆ 'ఎక్కువసేపు' అనే మాట దగ్గర ఆగండి. లారీని దాటడానికి పది సెకన్లు హద్దు మించితే ఇంజిన్ నాశనమైపోదు. అక్కడే గంటసేపు ఉంచవద్దని అర్థం. గేరు గేరుకూ పట్టిక ఇచ్చిన వాళ్లు కూడా, గమనిస్తే, చెబుతున్నది వేగం గురించి కాదు. ఏ గేరులో ఆ వేగానికి ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతుందన్నదే వాళ్ల లెక్క. టాప్ గేరు అంకెను మాత్రం గుర్తుపెట్టుకుని, అదే బండి మొత్తానికీ వర్తిస్తుందనుకోవడం వల్లనే నలభై సూత్రం పుట్టి ఉంటుందని నా అనుమానం.

పుస్తకం పద్ధతికి మరో బలం వారంటీ. రేపు ఏదైనా అయితే పుస్తకం ప్రకారం నడిపాను, మొదటి సర్వీసు వేళకే చేయించాను అని చెప్పగలిగిన వాడిదే పైచేయి. మొదటి సర్వీసు కంపెనీని బట్టి 500 నుంచి 1,000 కిలోమీటర్ల మధ్య ఉంటుంది, లేదా నెల, నెలన్నర, ఏది ముందైతే అది. బండి ఎక్కువ తిరగని వాళ్లు కిలోమీటర్లు చూస్తూ కూర్చుని, రోజుల లెక్క మరిచిపోతారు. ఆ పొరపాటు నేనూ చేశాను.

గట్టిగా లాగే పద్ధతి

ఇది అమెరికాలో రేసు ఇంజిన్లకు పదును పెట్టే ట్యూనర్ల దగ్గర పుట్టి, ఇంటర్నెట్ మీదుగా మన కుర్రాళ్ల ఫోన్లలోకి వచ్చింది. వాళ్ల వాదన ఇది: గోడ మీది గట్లు మొదటి ముప్పై కిలోమీటర్లలోనే అరిగిపోతాయి, ఆ కొద్దిసేపట్లోనే రింగులు కూర్చోవాలి, కాబట్టి ఇంజిన్ వేడెక్కాక మధ్య గేర్లలో బలంగా తెరిచి, వెంటనే యాక్సిలరేటర్ మూసి ఇంజిన్ బ్రేకుతో తగ్గించి, మళ్లీ తెరవాలి. ముప్పై కిలోమీటర్లకే ఆయిల్ మార్చేయాలి.

దీన్ని పిచ్చి అని కొట్టిపారేయను. పైన చెప్పిన పీడనం సంగతి వీళ్ల పక్షానే ఉంది. తెరవడం, మూయడం అనే జోడీ కూడా తెలివైనదే. యాక్సిలరేటర్ మూసినప్పుడు సిలిండర్‌లో ఏర్పడే శూన్యం కింది నుంచి కొంత ఆయిల్‌ను గోడ మీదికి లాగి, అరుగుదల పొడిని కడుగుతుంది. రేసు ఇంజిన్‌కు ఇది సబబు. దాని ఆయువు తక్కువ, పక్కనే ట్యూనరు ఉంటాడు, ఇంజిన్ శక్తిని కొలిచే డైనో మీద లెక్క చూస్తాడు.

మన బండి అలాంటిది కాదు. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది, మొదటి నూట యాభై కిలోమీటర్ల వరకు దాన్ని నమ్మి వంపులో పడుకోబెట్టకూడదు. బ్రేకు ప్యాడ్లు కూడా అప్పటికి డిస్కుకు సర్దుకుని ఉండవు. పైగా ఈ పద్ధతి పాటిస్తున్నామనేవాళ్లలో చాలామంది అందులోని సగాన్నే పాటిస్తారు. గట్టిగా తెరుస్తారు, మూయరు. ఇంజిన్ వేడెక్కేదాకా ఆగరు. ముప్పై కిలోమీటర్లకు ఆయిల్ మార్చమంటే నవ్వుతారు. అలాంటప్పుడు మిగిలేది కొత్త ఇంజిన్‌ను చావగొట్టడమే.

పని పెట్టి వదిలే పద్ధతి, నా ఓటు దీనికే

పుస్తకం గీసిన హద్దును కాదనకుండా, ఆ హద్దు లోపల ఇంజిన్‌కు రకరకాల పని పెట్టడం. సగం వరకు తెరవండి, నలభై అయిదు రాగానే వదలండి, ముప్పైకి దిగనివ్వండి, మళ్లీ తెరవండి. ఒకే గేరులో, ఒకే వేగంలో అయిదు నిమిషాలకు మించి ఉండవద్దు. ఊళ్లు, మలుపులు, ఎత్తుపల్లాలు ఉన్న రోడ్డును ఎంచుకుంటే రోడ్డే ఈ పని చేసి పెడుతుంది. ఇరవై, ముప్పై నిమిషాలకు ఒకసారి ఆపి, పది పదిహేను నిమిషాలు చల్లారనివ్వండి. మొదటి మూడు వందలు సగం యాక్సిలరేటర్, ఆ తర్వాత ఆరేడు వందల దాకా ముప్పాతిక, వెయ్యి దాటాక అప్పుడప్పుడూ పూర్తిగా. కోడెను కాడికి అలవాటు చేసేవాడు తొలిరోజే బరువు నాగలి కట్టడు, అలాగని నెలంతా కొట్టంలోనే కట్టేసి ఉంచడు.

పొద్దున స్టార్ట్ చేయగానే లాగవద్దు. సెమిలిగుడ, పొట్టంగి వైపు చలికాలం పొద్దుల్లో ఆయిల్ చిక్కబడి ఉంటుంది. అలాగని పది నిమిషాలు స్టాండు మీద వేడి చేయనక్కరలేదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్‌6 బళ్లలో చాలావాటికి ఫ్యూయల్ ఇంజెక్షనే కాబట్టి అర నిమిషం, నిమిషం చాలు. తర్వాత మూడు నాలుగు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే ఇంజిన్, గేర్‌బాక్సు రెండూ వేడెక్కుతాయి. మా వీధి మెకానిక్ ఒడియా మనిషి, తెలుగూ బాగానే మాట్లాడతాడు. కొత్త బండి ఎవరు తెచ్చినా చెయ్యి గాలిలో కిందికి ఊపుతూ 'ధీరే, ధీరే' అంటాడు. అది ఈ మూడు నాలుగు కిలోమీటర్లకు వర్తించే మాట. రోజంతటికీ కాదు.

ఘాట్‌లో ఏం జరుగుతుంది

మైదానం వాళ్ల సలహాలు మనకు ఎక్కడ సరిపోవంటే ఇక్కడే. సాలూరు దాటాక మొదలై సుంకి, పొట్టంగి మీదుగా సెమిలిగుడ పీఠభూమి దాకా ఎక్కే రోడ్డు తీసుకోండి. కొత్త బండి, వెనక భార్య, ముందు పిల్లవాడు, పక్కన సంచి. నడిపే మనిషికి షోరూం వాళ్లు చెప్పిన మాటలు రెండే గుర్తున్నాయి: నలభై దాటవద్దు, ఇంజిన్‌ను అరిపించవద్దు. చడావు రాగానే ఇంజిన్ గొంతు పెరుగుతుంది. భయపడి గేరు పైకి వేస్తాడు. గొంతు తగ్గుతుంది, మనసు కుదుటపడుతుంది. స్పీడోమీటరు ముల్లు ఇరవై అయిదు దగ్గర. యాక్సిలరేటర్ మాత్రం చివరిదాకా తిప్పి ఉంది. బండి ముక్కుతూ, హ్యాండిలు వణుకుతూ, సిలిండర్ లోపల నుంచి సన్నగా టకటక శబ్దం. ఆయన దృష్టిలో తాను బండిని ఎంతో సుకుమారంగా నడుపుతున్నాడు.

కొత్త ఇంజిన్‌కు ఇంతకంటే కష్టమైన పరిస్థితి లేదు. ప్రతి పేలుడు పీడనమూ నెమ్మదిగా కదులుతున్న పిస్టన్ మీద గుద్దులా పడుతుంది. పిస్టన్ నెమ్మదిగా కదిలినప్పుడు గోడకూ దానికీ మధ్య ఆయిల్ పొర పలచబడుతుంది. ఆయిల్ పంపును తిప్పేది కూడా ఇంజినే కాబట్టి చుట్లు తగ్గితే ఆయిల్ రాక తగ్గుతుంది. గాలితో చల్లబడే ఇంజిన్ అయితే ఇరవై అయిదు వేగంలో తగిలే గాలి ఎంత? అదే చడావును రెండో గేరులో, అదే ఇరవై అయిదులో ఎక్కండి. ఇంజిన్ కాస్త గట్టిగా మాట్లాడుతుంది, కానీ యాక్సిలరేటర్ సగం కూడా తెరవనక్కరలేదు. చుట్లు ఎక్కువ, ఒక్కో చుట్టు మీద బరువు తక్కువ. ఆయిల్ పుష్కలం.

ఆర్‌పీఎం ముల్లు లేని బండికి ఒక్క గుర్తు చాలు. యాక్సిలరేటర్ ఇంకొంచెం తిప్పి చూడండి. బండి వెంటనే స్పందించి వేగం అందుకుంటే గేరు సరైనదే. తిప్పినా ముందుకు పోక, శబ్దం మాత్రం బొంగురుపోతే ఒక గేరు దించండి. నా దుకాణానికి త్వరగా పిస్టన్ కిట్టు కోసం వచ్చిన వాళ్లను ఎలా నడిపేవారని అడిగితే, గట్టిగా లాగిన కుర్రాళ్ల కంటే ఇలా పై గేరులో ఘాట్లు ఎక్కించిన పెద్దమనుషులే ఎక్కువమంది తేలారు. ఇది లెక్కలు కట్టిన పరిశోధన కాదు, కౌంటర్ వెనక కబుర్ల సారం.

ఘాట్ దిగేటప్పుడు ఇంకో అలవాటు ఉంది మనవాళ్లకు. కొరాపుట్ నుంచి జయపురం దిగుతూ పెట్రోలు ఆదా అని ఇంజిన్ ఆపేసి న్యూట్రల్‌లో జారవిడుస్తారు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో గేరు వేసి యాక్సిలరేటర్ మూస్తే ఆ పల్లంలో పెట్రోలు ఎలాగూ ఆగిపోతుంది. ఆదా అయ్యేది ఏమీ లేదు. పైగా బ్రేకులు కాగిపోతాయి. మూడో గేరులో యాక్సిలరేటర్ మూసి దిగితే రింగులకు కావలసిన 'వదలడం' దానంతట అదే దొరుకుతుంది. ఎక్కేటప్పుడు పని, దిగేటప్పుడు విరామం. పద్ధతిగా నడిపితే ఘాట్ కంటే మంచి రోడ్డు కొత్త ఇంజిన్‌కు దొరకదని అందుకే అంటాను. వీలైతే మొదటి రెండు మూడు వందలు ఒక్కరే నడిపి, ఆ తర్వాత కుటుంబాన్ని ఎక్కించుకుని రాయగడ మజ్జిగౌరి అమ్మవారి దర్శనానికి వెళ్లండి. అమ్మవారు రెండు వారాలు ఆగుతుంది.

ఆయిల్ దగ్గర ఎంత ఖర్చు పెట్టాలి

సునాబెడలో హెచ్‌ఏఎల్ వారి ఇంజిన్ల కర్మాగారం ఉంది కదా, 1960ల నుంచి మిగ్ విమానాల ఇంజిన్లు చేస్తున్న చోటు. అక్కడ పనిచేసి రిటైరైన మా పొరుగాయన ఒక మాట చెప్పారు. కొత్త ఇంజిన్‌ను టెస్ట్ బెడ్ మీద మెట్టు మెట్టుగా నడిపి, విప్పి, లోపల చూసి, మళ్లీ బిగించి ఇంకోసారి నడిపేవారట. జెట్ ఇంజిన్‌లో పిస్టన్ రింగులే లేవు కదండీ అన్నాను. "రింగులు లేకపోయినా కొత్త ఇంజిన్‌ను నమ్మకూడదు బాబూ. నీ బండిని విప్పలేవు, కనీసం ఆయిల్ విప్పి చూడు" అన్నారు.

మేనల్లుడి బండికి 300 కిలోమీటర్ల దగ్గర అదే చేశాం. ఇంజిన్ వేడిగా ఉండగా డ్రెయిన్ బోల్టు విప్పి, మా ఇంటి పాత స్టీలు కంచంలోకి ఆయిల్ వంచాం. కంచాన్ని ఎండలోకి తిప్పితే తేనె రంగు ఆయిల్‌లో వెండి పొడి కలిపినట్టు మెరుపు, కంచం వంచినప్పుడల్లా ఆ మెరుపు అలలా కదిలింది. పాత స్పీకరు అయస్కాంతం ఒకటి గుడ్డలో చుట్టి ఆ ఆయిల్‌లో తిప్పాను. గుడ్డకు నల్లటి సన్నని నూగు పట్టింది. అది ఇనుము, రింగులది, గేర్లది. కంచంలోనే మిగిలిన మెరుపు అల్యూమినియం. వాడు భయపడ్డాడు. భయపడనక్కరలేదు, మొదటి ఆయిల్‌లో ఇంత నలుసు మామూలే. చేతికి గుచ్చుకునే ముక్కలు, పెచ్చులు కనిపిస్తే అప్పుడు సర్వీసు సెంటరుకు పోవాలి.

ఈ ముందస్తు మార్పు తప్పనిసరి కాదు. కంపెనీ చెప్పిన సర్వీసు దాకా ఆగినా ఇంజిన్ బతుకుతుంది. కానీ చిన్న బళ్లలో చాలావాటికి కాగితపు ఫిల్టర్ ఉండదు, జల్లెడ లాంటి స్ట్రెయినర్ ఒక్కటే. సన్నని పొడి దాన్ని దాటి తిరుగుతూనే ఉంటుంది. లీటరుకు అటూ ఇటూ ఆయిల్, కొన్ని వందల రూపాయలు. ఘాట్‌లో తిరిగేవాళ్లకు ఈ ఖర్చు దండగ కాదంటాను, చదును ఊళ్లో రోజుకు ఆరు కిలోమీటర్లు తిరిగేవాళ్లకు అవసరం లేదంటాను. చేయించినా బిల్లు దాచండి, మొదటి ఉచిత సర్వీసు మాత్రం మానవద్దు. ఆ కూపన్ అదే కంపెనీ అధీకృత సర్వీసు సెంటరులో, సరిహద్దుకు ఇటైనా అటైనా, చెల్లుతుంది. విజయనగరంలో కొన్నామని మళ్లీ ఘాట్ దిగనక్కరలేదు.

పోయవలసింది పుస్తకంలో రాసిన గ్రేడే. ఖరీదైన సింథటిక్ ఆయిల్ మొదటి రోజు నుంచే పోస్తే రింగులు కూర్చోవని కొందరు, ఏమీ కాదని కొందరు వాదిస్తారు. నేను మొదటి రెండు మార్పులకు పుస్తకం చెప్పిన మామూలు ఆయిలే అమ్ముతాను. ఎలాగూ త్వరగా పారబోసే దానికి వెయ్యి రూపాయలు ఎందుకు? కారు ఆయిల్ మాత్రం పోయకండి. బండి క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, కారు ఆయిల్‌లోని జారుడు పదార్థాలతో క్లచ్ జారిపోతుంది. డబ్బా మీద ఇలాంటి క్లచ్‌కు సరిపోతుందని చెప్పే జాసో ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు ఉందో లేదో చూసుకోండి.

మరి మీకు ఏది?

ముందు ఇంజిన్ సంగతి. 100, 110, 125 సీసీ బళ్లలో సిలిండర్ గోడగా సాధారణంగా ఇనుప లైనరు ఉంటుంది. దానికి ఈ పాట్లన్నీ వర్తిస్తాయి. కేటీఎం డ్యూక్, యమహా ఆర్15 లాంటి వాటిలో సిలిండర్ గోడ వేరే రకం, గట్టి పూత గానీ సిలికాన్ కలిసిన ప్రత్యేక అల్యూమినియం గానీ ఉంటుంది. నీటితో చల్లబడతాయి కాబట్టి వేడి భయం తక్కువ. వాటికి పుస్తకం హద్దు పాటిస్తే చాలు. వాటితో వచ్చే చిక్కల్లా హద్దు దగ్గర ఆగలేని చెయ్యి. 350 సీసీ ఎన్‌ఫీల్డ్ లాంటి బండి గరిష్ఠ లాగుడు 4,000 ఆర్‌పీఎం దగ్గరే వస్తుంది కాబట్టి తక్కువ చుట్లలో కూడా బాగా లాగుతుంది. అలాగని దాన్ని నాలుగో గేరులో ఘాట్ ఎక్కించమని కాదు.

బరంపురంలో ఉండి ఆఫీసుకు, ఇంటికి చదును రోడ్డు మీద తిరిగే మనిషికి పుస్తకం పద్ధతి చాలు, అదనంగా ఏమీ చేయనక్కరలేదు. వారానికి ఒకసారైనా రహదారి మీద ముప్పై, నలభై కిలోమీటర్లు వేగం మారుస్తూ నడిపి రండి. ఊళ్లో మొదటి, రెండో గేరులోనే తిరిగితే ఇంజిన్ ఎప్పటికీ ఫ్రీ కాదు.

గుణుపురం, పర్లాకిమిడి వైపు కొండ ఊళ్లకు రోజూ వెళ్లే ఉపాధ్యాయులు, వైద్య సిబ్బంది, కొరాపుట్, రాయగడ వాళ్లు పని పెట్టి వదిలే పద్ధతి పాటించండి. 300 దగ్గర ఒక ఆయిల్ మార్పు కలుపుకోండి. గేరు దించడానికి సిగ్గుపడకండి.

కుందులి సంత నుంచి కూరగాయల మూటలు కట్టుకుని పోయే వ్యాపారికి నా సలహా వేరు. కొత్త బండిని మొదటి నెల సంతకు పంపకండి. అది కుదరదంటే సగం మూటలతో రెండు విడతలు తిప్పండి. ఖాళీగా వెనక్కి వచ్చే ప్రయాణంలో బండిని మధ్య గేర్లలో బాగా తిప్పండి.

అరవై దాటిన నాన్నగారికి కొనిపెడుతున్న బండి అయితే, మొదటి అయిదు వందలు ఇంట్లో చిన్నవాళ్లెవరైనా నడిపి ఇవ్వడం మేలు. ఆయనను మార్చడం కంటే అదే సులువు.

ఇక మేనల్లుడి ప్రయాణం. ఆ రాత్రి ఫోన్‌లో వాడికి చెప్పింది ఇంతే. పొద్దున్నే ఏడింటికి టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) కాగితాలతో బయలుదేరు, ఒక్కడివే రా. సాలూరు దాకా సుమారు అరవై కిలోమీటర్ల చదునులో వేగం ముప్పై, యాభై మధ్య మారుస్తూ ఉండు. సాలూరులో టిఫిన్ చేసి అరగంట ఆపు. ఘాట్ మొత్తం రెండు, మూడు గేర్లు. సుంకిలో ఒకసారి, పొట్టంగిలో ఒకసారి ఆగు. కొత్త సైలెన్సరు మీది పూత కాలి కాస్త వాసన, పొగ వస్తాయి, కంగారు పడకు.

మధ్యాహ్నం రెండు గంటలకు మా వాకిట్లో బండి ఆపాడు. ఇంజిన్ దగ్గర చెయ్యి పెట్టి చూస్తే వేడి ఉంది, మరీ మండిపోయే వేడి కాదు. అప్పటికే మా బావగారు బస్సులో వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, మీటరు చూసి, "నలభై దాటలేదు కదరా?" అని అడిగారు.

"రెండో గేరులో దాటలేదు నాన్నా" అన్నాడు వాడు. ఆయన తృప్తిగా తల ఊపి మంచినీళ్లు తాగడానికి లోపలికి వెళ్లారు.